పెన్సిల్ గ్రిప్పులు: ఏది కొనాలి, ఏ పిల్లలకు గ్రిప్పు చాలదు

జూన్‌లో బడులు తెరిచేసరికి కర్నూలు స్టేషనరీ షాపుల్లో రబ్బర్లు, షార్ప్‌నర్ల పక్కన, వేళ్లకు పట్టు దొరకడానికి పెన్సిల్‌కు తొడిగే గ్రిప్పులు కూడా కనిపిస్తాయి. పిల్లాడి రాత బాగలేదని అమ్మానాన్నలు వాటిని కొంటారు. వస్తువు మంచిదే. కానీ ఇబ్బంది వేళ్లలో ఉంటేనే అది పనికొస్తుంది. భుజంలోనో నడుములోనో చూపులోనో ఉంటే ఎంత ఖరీదైన గ్రిప్పు తొడిగినా మార్పు రాదు. అందుకే ఈ సమీక్షలో సగం వస్తువు గురించి, సగం పిల్లల గురించి.

అన్నిటికన్నా చవకది గుండ్రటి స్పాంజి గొట్టం. వేలు ఎక్కడ పెట్టాలో అది చూపించదు, పెన్సిల్‌ను లావు చేస్తుందంతే. గట్టిగా అదిమి రాసి వేలు నొప్పి తెచ్చుకునే పిల్లలకు కాస్త ఊరట. వాడేకొద్దీ లోపలి రంధ్రం వదులై జారిపోతుంది. ఏది దొరికినా నోట్లో పెట్టుకుని కొరికే పిల్లలకు మాత్రం ఇవ్వొద్దు. ముక్క ఊడి గొంతులో అడ్డం పడొచ్చు.

మా ఓటు మూడు పలకల రబ్బరు గ్రిప్పుకే. బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి తలా ఒక పలక దొరుకుతుంది. పెన్సిల్ మొన నుంచి రెండు, రెండున్నర సెంటీమీటర్ల పైన ఉండాలి. మరీ కిందికి తోస్తే రాసే అక్షరాన్ని వేళ్లే కప్పేస్తాయి. ఎడమచేత్తో రాసే పిల్లలకు ఇంకో సెంటీమీటరు పైకి జరపండి, రాసింది కనబడుతుంది. పెన్సిల్ చెక్కిన ప్రతిసారీ గ్రిప్పును వెనక్కి జరపాలి. చాలా ఇళ్లలో ఇక్కడే తప్పుతుంది: నాలుగుసార్లు చెక్కాక వేళ్లు మొన మీదికి వచ్చేస్తాయి, గ్రిప్పు పనిచేయలేదని పక్కన పడేస్తారు. ఈ బాధ వద్దనుకుంటే మూడు పలకల పెన్సిలే కొనండి.

వేళ్లు దూర్చే తొడుగుల్లాంటివి మూడో రకం. కొన్నిటికి కుడి, ఎడమ గుర్తులుంటాయి. తిరగేసి తొడిగితే బొటనవేలు తప్పు చోట కూర్చుంటుంది. ఇవి వేళ్లను సరైన చోట నిలుపుతాయి గానీ కదలనివ్వవు. రాయడమంటేనే వేళ్ల కొసలు కదలడం కదా. రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు చెప్తే తప్ప కొనొద్దు.

వీటన్నిటికన్నా ముందు ప్రయత్నించాల్సింది బలపం ముక్క. రెండు మూడు సెంటీమీటర్లకు విరిచి ఇస్తే పిడికిలితో పట్టుకునే చోటే ఉండదు, మూడు వేళ్లే దానంతటవే ముందుకొస్తాయి. పలకను కంటి ఎత్తున గోడకు ఆనించి రాయించండి. మణికట్టు కాస్త వెనక్కి వంగుతుంది, భుజం పని చేస్తుంది, రెండూ రాతకు కావాల్సినవే. శెనక్కాయలు ఒలిపించడం, చపాతీ పిండి పిసికించడం, సంగటి తుంచి సొంతంగా తిననివ్వడం కూడా ఇలాంటి కసరత్తులే. ఐదేళ్లలోపు పిల్లలు శెనగ్గింజలు నోట్లో వేసుకోకుండా పక్కనే ఉండి చూసుకోవాలి.

నాలుగేళ్లలోపు వాళ్లకు ఏ గ్రిప్పూ కొనొద్దు. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకల్లో ఆ వయసుకు సగం కూడా గట్టిపడి ఉండవు. ఆ చేతులతో పేజీలు నింపించడమే అన్యాయం. అలాగే నాలుగు వేళ్లతో పట్టుకున్నా, నొప్పి లేకుండా, చదవగలిగేలా రాస్తుంటే ఆ పట్టును కదిలించకండి.

గ్రిప్పు కొంటే నాలుగు వారాలు చూడండి. మొదటిరోజు పది లైన్లు రాయించి తేదీ వేసి దాచండి, వారానికోసారి అదే పాఠం మళ్లీ రాయించండి. అక్షరం అందం కాదు చూడాల్సింది. చెయ్యి ఎంతసేపటికి నొప్పెడుతోంది, పేజీ వెనక గరుకు తగ్గిందా, ములుకు విరగడం తగ్గిందా అన్నది చూడాలి.

తేడా లేకపోతే పుస్తకం మూసి పిల్లవాణ్ని చూడండి. ఆరేళ్లు వచ్చినా పిడికిలితోనే రాస్తున్నాడా? రాసేటప్పుడు వేళ్లకు బదులు చెయ్యంతా కదులుతోందా? రెండో చెయ్యి కాగితాన్ని పట్టుకోకుండా వేలాడుతోందా? కూర్చున్న ఐదు నిమిషాలకే బల్ల మీద వాలిపోతున్నాడా? పేజీ మధ్యకు రాగానే పెన్సిల్ ఆ చేతి నుంచి ఈ చేతికి మారుతోందా? ఇబ్బంది రాత దగ్గరే ఆగదు. పెద్ద గుండీలు కూడా పెట్టుకోలేకపోవడం, అన్నం కలుపుకోలేకపోవడం, మెట్ల మీద తరచూ తడబడడం కనిపిస్తాయి. ఇంకొందరికి తలకు నూనె రాసినా, గోళ్లు తీసినా, కుక్కర్ విజిల్ వేసినా భరించలేనంత ఏడుపు వస్తుంది. దాన్ని మొండితనమని కొట్టకండి, ఆ స్పర్శ, ఆ చప్పుడు ఆ పిల్లలకు నిజంగానే బాధ. ఇలాంటివి రెండు మూడు కలిసి, ఇంట్లోనూ బడిలోనూ, నెలల తరబడి కనబడితే ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించాలి. తినడం, బట్టలేసుకోవడం, రాయడం, ఆడుకోవడం లాంటి రోజువారీ పనులు పిల్లలు సొంతంగా చేసుకునేలా తీర్చిదిద్దే వైద్యమే ఆక్యుపేషనల్ థెరపీ.

ముందుగా కంటి పరీక్ష చేయించండి. బోర్డు కనబడకే వంకర రాసే పిల్లలున్నారు. ఏడాదిన్నర నిండకముందే ఒక్క చేతినే వాడుతూ రెండోది బిగించి ఉంచితే, లేదా వచ్చిన పనులు మర్చిపోతుంటే, థెరపీ కోసం చూస్తూ కూర్చోక వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కర్నూల్లో మొదట అడగాల్సిన చోటు పెద్దాసుపత్రిలోని జిల్లా సత్వర చికిత్సా కేంద్రం, డీఈఐసీ. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు అక్కడ ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీకి, ప్రభుత్వ బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికి చెప్పినా అక్కడికి పంపిస్తారు. ఊళ్లలో ఉన్నవాళ్లు మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) అడగొచ్చు. ప్రైవేటు సెంటరైతే చూసే మనిషి బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) చదివారా అని నేరుగా అడగండి. ఫిజియోథెరపీ, స్పెషల్ ఎడ్యుకేషన్ వేరే చదువులు. పిల్లవాణ్ని కూర్చోబెట్టి, ఆడించి, రాయించి పరీక్షించకుండానే నెల ప్యాకేజీ చెప్తే డబ్బు కట్టొద్దు. ఇంట్లో రోజూ ఏం చేయించాలో రాసివ్వని చోట కూడా ఆగకండి, వారానికి రెండు గంటల థెరపీ ఒక్కటే సరిపోదు.

వెళ్లేటప్పుడు తేదీలేసి దాచిన ఆ రాత కాగితాలు, బడి నోటు ఒకటి, అన్నం తింటున్నప్పుడు, చొక్కా వేసుకుంటున్నప్పుడు ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియో తీసుకెళ్లండి. కొత్త గదిలో పిల్లలు బిగుసుకుపోతారు, ఇంట్లో చేసేది అక్కడ చేసి చూపించరు.