ఉస్మానియాకి పొద్దున్నే వెళ్లండి

హైదరాబాద్ వెళ్లినవాళ్లు చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ చూసి వచ్చేస్తారు. ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీని ఆ వరసలో ఎందుకు చేర్చరో నాకు అర్థం కాదు. పీజీకి ఎక్కడ చేరాలా అని మా మేనకోడలు తర్జనభర్జన పడుతుంటే, ముందు క్యాంపస్ చూద్దాం పద అని వెంటబెట్టుకుని వెళ్లాను.

మొదట దిగింది సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి ఒక లాడ్జిలో. ఫోన్‌లో చూపించిన రేటు ఒకటి, కౌంటర్లో అడిగింది ఇంకొకటి. మర్నాడే విద్యానగర్‌కి మారాం. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, క్యాంపస్ దగ్గర. చుట్టూ స్టూడెంట్ల మెస్సులూ టిఫిన్ సెంటర్లే కాబట్టి తిండి ఖర్చు కూడా తగ్గింది. సికింద్రాబాద్‌లోనే ఉంటే మెట్రో హాయి. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కితే రెండో స్టేషన్ తార్నాక, అక్కణ్ణుంచి ఆటో. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లకి ఆర్ట్స్ కాలేజీ పేరుతోనే స్టేషన్ ఉంది, కాకపోతే రైలు టైము చూసుకుని బయల్దేరాలి.

ఆర్ట్స్ కాలేజీ ముందు ఎండ ముదరకముందే నిలబడాలి. దూరానికి అంతా ఒకే గులాబీ రంగు. దగ్గరికెళ్లి గ్రానైటు మీద చెయ్యి పెడితే రాయిలో నల్లటి, బూడిదరంగు చుక్కలు కనిపిస్తాయి. తల ఎత్తి చూస్తే ఆ పెద్ద కమాను మన ఎత్తుని మరిపిస్తుంది. గీసింది బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్. ప్రారంభమైంది 1939 డిసెంబరు 4న.

"మామయ్యా, మరి అంతకుముందు క్లాసులు ఎక్కడ జరిగేవి?" అంది మేనకోడలు. యూనివర్సిటీ పెట్టమని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ఫర్మానా, అంటే రాజాజ్ఞ, 1917 నాటిది. మొదట్లో ఊళ్లో అద్దె భవనాల్లోనే చదువు చెప్పారు. అదీ ఉర్దూలో! పాఠ్యపుస్తకాల కోసమే ప్రత్యేకంగా అనువాద శాఖ పెట్టి, సైన్సు పుస్తకాలు కూడా ఉర్దూలోకి తెచ్చారు. మన దేశంలో ఒక దేశభాషలో పైచదువులు చెప్పిన మొదటి యూనివర్సిటీ ఇదే. ఆ పట్టుదలంటే నాకు ఇప్పటికీ గౌరవం. అదే చోట 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని వెళ్లగొట్టారు, చాలామంది నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ ఉద్యమం రగిలిందీ ఇక్కడే. ఆ మెట్ల మీద పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని కూర్చున్న పిల్లల్ని చూస్తుంటే ఈ కథలన్నీ పాతవనిపించవు.

క్యాంపస్ చాలా పెద్దది. నడిచే చూద్దామనుకుంటే ఎండాకాలంలో ప్రాణం పోతుంది. ఠాగూర్ ఆడిటోరియం, లైబ్రరీ వైపు ఆటోలో తిరగడం మేలు.

ఓపిక ఉంటే మధ్యాహ్నం కోఠి వెళ్లండి. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ ఉన్నది అక్కడే. 1949 నుంచి ఉస్మానియా మహిళా కళాశాల అందులో నడిచింది, ఇప్పుడది విడిగా మహిళా విశ్వవిద్యాలయం. ముందు వరసలో పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ సింహాలు. అందంలో దాన్ని తీసిపారేయలేను గానీ, నా ఓటు మాత్రం ఆర్ట్స్ కాలేజీకే. ఆడపిల్లల క్యాంపస్ కాబట్టి లోపలికి పంపిస్తారో లేదో గేటు దగ్గర అడిగి వెళ్లాలి. రెండుచోట్లా గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి, సెలవు రోజు మాత్రం పెట్టుకోకండి. పిల్లలు లేని ఆర్ట్స్ కాలేజీని చూస్తే సగమే చూసినట్టు.