సీజన్ సగంలో ఏ రేటింగ్‌ని నమ్మాలి? ఆస్ట్రేలియా ఫుటీ రేటింగ్ సిస్టమ్స్ వాడి చూసి రాస్తున్న రివ్యూ

మాది చెన్నై, వేళచ్చేరి. అక్కా బావా మెల్‌బోర్న్‌లో ఉంటారు, బావకి అక్కడి ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) పిచ్చి పట్టి అది మా ఇంటిల్లిపాదికీ అంటించాడు, ఇప్పుడు ప్రతి రౌండుకీ ఎవరు గెలుస్తారో రౌండు మొదలయ్యేలోపు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి, లేట్ అయితే సున్నా. ఇప్పుడు సీజన్ సగానికి వచ్చింది, బై వారాలు (కొన్ని టీములకి మ్యాచ్ లేకుండా విశ్రాంతి ఇచ్చే వారాలు) నడుస్తున్నాయి, ఈ టైములోనే అందరూ పాయింట్ల పట్టిక చూసి మోసపోతారు. నేనూ రెండేళ్లు అలాగే మునిగా. అందుకే ఈసారి వేరే వేరే రేటింగ్ సిస్టమ్స్ పక్కపక్కన పెట్టుకుని వాడా, ఏది పనికొచ్చిందో చెప్తా.

ఆట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మన నితీష్ కుమార్ రెడ్డి 2024 డిసెంబర్‌లో సెంచరీ కొట్టాడే ఎంసీజీ, ఫుటీ ఫైనల్ ఆ గ్రౌండులోనే ఆడతారు. మధ్య రెండు స్తంభాల మధ్య నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. కొంచెం పక్కకి పోతే బిహైండ్, 1 పాయింట్. మ్యాచ్ గెలిస్తే పట్టికలో 4, డ్రా అయితే 2. ఇద్దరూ సమానంగా ఉంటే పర్సంటేజ్ చూస్తారు, అంటే కొట్టినవాటిని ఇచ్చినవాటితో భాగించి నూరుతో గుణించడం, ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ చేసే పని ఇక్కడ ఇది చేస్తుందన్నమాట.

పట్టికతో ఇబ్బంది ఏంటంటే 18 టీములు, ఒక్కోదానికి 23 మ్యాచ్‌లు, అంటే 17 మందితో ఒక్కోసారి ఆడి ఆ పైన ఆరుగురితో రెండోసారి ఆడతారు. సగం సీజన్ అయ్యేసరికి ఒకడు గట్టివాళ్లందరితో ఆడేసి ఉంటాడు, ఇంకోడికి అసలు పరీక్ష ముందుంది, పట్టికకి ఆ తేడా తెలీదు. 2022లో (అప్పుడు ఒక్కోదానికి 22 మ్యాచ్‌లే) కాలింగ్‌వుడ్‌ని చూడండి, 16 గెలిచి 6 ఓడి నాలుగో ప్లేస్‌లో నిలిచింది కానీ పర్సంటేజ్ 104 చిల్లరే, చాలావరకు కొసన గట్టెక్కిన మ్యాచ్‌లు. అన్నే గెలిచిన మెల్‌బోర్న్, సిడ్నీల పర్సంటేజ్ దానికంటే చాలా పైన ఉంది. చివరికి కాలింగ్‌వుడ్ ప్రిలిమినరీ ఫైనల్‌లో (మన సెమీఫైనల్ లాంటిది) సిడ్నీ చేతిలో ఒక్క పాయింట్ తేడాతో ఓడింది. కాబట్టి పట్టికలో ఒక్క కాలమే చూడాలంటే పర్సంటేజ్ చూడండి, గెలుపులు కాదు.

ఇక ఎలో, అంటే చెస్ ఆటగాళ్లకి ఇచ్చే రేటింగ్ లెక్క. ఇది మన చెన్నై వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, వీధికో చెస్ క్లాస్ ఉన్న ఊరు, గుకేశ్ పుట్టిన ఊరు, మా వాడికి ఎనిమిదేళ్లు, వాడికే తెలుసు రేటింగ్ ఎలా పెరుగుతుందో. అదే లెక్క ఫుటీకి పెడతారు. మా వాడి పాత స్కోర్ షీటు వెనక నేనే వేసుకున్నా: ఒక టీముకి 1550, ఇంకోదానికి 1480, తేడా 70 అంటే గెలిచే ఛాన్స్ సుమారు 60 శాతం. సొంత గ్రౌండుకి ఇంకో 30 కలిపితే తేడా 100, ఛాన్స్ 64 శాతం. గెలిస్తే, ఒక మ్యాచ్‌కి గరిష్ఠంగా 20 పెట్టుకుంటే, 7 పాయింట్లు వస్తాయి, ఓడితే దాదాపు 13 పోతాయి. "నాన్నా, మరి ఒక్క పాయింటుతో గెలిచినా అరవైతో గెలిచినా అంతేనా?" అని అడిగాడు మా వాడు. సరైన ప్రశ్న! చెస్‌లో గెలుపంటే గెలుపే, ఇక్కడ మార్జిన్ ఉంది, దాన్ని కలపకపోతే ఎలో ఫుటీకి సగమే పనిచేస్తుంది. కలిపినా నెమ్మదిగా కదులుతుంది, మేలో ఒక టీము నిజంగా మారిపోతే ఎలో జులైకి గానీ ఒప్పుకోదు. నేర్చుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు, పెన్నూ కాగితం చాలు.

నాకు కళ్లు తెరిపించింది షాట్ల లెక్క. టోనీ కార్క్ అనే ఆయన మ్యాటర్ ఆఫ్ స్టాట్స్‌లో చేసిన మోస్‌బాడ్స్ అనే సిస్టమ్ స్కోరు కాకుండా గోల్‌నీ బిహైండ్‌నీ ఒక్కటిగా షాటు కింద లెక్కేస్తుంది, ఎటాక్‌కి ఒక రేటింగ్, డిఫెన్స్‌కి ఒక రేటింగ్ విడిగా ఇస్తుంది. ఎందుకంటే బంతిని గోల్ దగ్గరికి తేవడం టీము సత్తా, తెచ్చాక అది మధ్యలోంచి పోయిందా పక్కకి పోయిందా అనేది వారం వారం మారిపోతుంది. 2008 ఫైనల్ స్కోర్ కార్డ్ చూస్తే ఇది వెంటనే అర్థమైపోద్ది. ఆ ఏడు జీలాంగ్ 22 మ్యాచ్‌లలో 21 గెలిచి ఫైనల్స్‌కి (పట్టికలో పైనున్న టీముల నాకౌట్ మ్యాచ్‌లకి) వచ్చింది, ఫైనల్‌లో 11 గోల్స్ 23 బిహైండ్స్, మొత్తం 89. హాథార్న్ 18 గోల్స్ 7 బిహైండ్స్, 115. షాట్లు చూస్తే జీలాంగ్ 34, హాథార్న్ 25, అయినా కప్పు హాథార్న్‌దే. 2023లో కథ తిరగబడింది, బ్రిస్బేన్ 13 గోల్స్ 8 బిహైండ్స్‌తో 86, కాలింగ్‌వుడ్ 12 గోల్సే గానీ 18 బిహైండ్స్‌తో 90, గెలిచింది కాలింగ్‌వుడ్. జరిగిన మ్యాచ్‌కి స్కోరే నిజం, కాదనను, వచ్చే వారం టిప్ (ఎవరు గెలుస్తారనే అంచనా) పెట్టడానికి మాత్రం షాట్లే నమ్ముతా. సీజన్ సగంలో ఇది ఇంకా ముఖ్యం, చేతిలో ఉన్నవే పదకొండో పన్నెండో మ్యాచ్‌లు, రెండు మ్యాచ్‌లలో గురి కుదిరితే టీము నాలుగు ప్లేసులు పైకి ఎక్కేస్తుంది.

స్క్విగిల్ గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు. నవలలు రాసే మ్యాక్స్ బ్యారీ చేసింది, ఫ్రీ. ఒక చార్టు మీద ప్రతి టీముకీ ఒక గీత, ఎటాక్ ఒక వైపు డిఫెన్స్ ఇంకో వైపు, పై కుడి మూలకి ఎంత దగ్గరైతే అంత మంచి టీము. మొదటి రోజు నాకు చిక్కుపడ్డ దారపుండలా కనిపించింది, కానీ ఒక్క టీమునే పట్టుకుని వారం వారం గీత ఎటు పోతుందో చూస్తే ఏ పట్టికా చెప్పని సంగతి తెలుస్తుంది. దీనికంటే పెద్ద మేలు ఏంటంటే వేరే వాళ్ల మోడల్స్ కూడా తెచ్చి ఒకేచోట పెట్టి ఎవరివి ఎన్ని కరెక్ట్ అయ్యాయో, మార్జిన్ ఎంత తప్పారో, బిట్స్ ఎన్నో చూపిస్తుంది.

ఈ బిట్స్ అనేది మోనాష్ యూనివర్సిటీ వాళ్లు 1995 నుంచి నడుపుతున్న టిప్పింగ్ పోటీలోది, మేం గ్రూపులో ఈ ఏడాది అదే పెట్టుకున్నాం. టీము పేరుతో పాటు ఎంత శాతం నమ్మకమో కూడా చెప్పాలి. 50 అంటే సున్నా, 80 చెప్పి కరెక్ట్ అయితే 0.68 వస్తుంది, తప్పితే మైనస్ 1.32. అక్క ఒక మ్యాచ్‌కి 95 పెట్టింది, పోయింది, మైనస్ 3.3, నాలుగు వారాలు కష్టపడి కూడబెట్టింది ఒక్క సాయంత్రంలో తుడిచిపెట్టుకుపోయింది. "ఏంటి బావా, అక్కకి ముందే చెప్పొచ్చుగా" అంటే "చెప్తే వింటుందా" అన్నాడు.

డబ్బులు కట్టి తీసుకున్న ఒక యాప్ గురించి కూడా చెప్పాలి, పేరు వద్దు. స్టార్లు ఇస్తుంది, ఎలా ఇచ్చిందో ఒక్క ముక్క చెప్పదు. మెయిల్ పెట్టా, జవాబు లేదు. లెక్క చూపించని రేటింగ్‌కి రూపాయి కూడా పెట్టకండి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ: ముందు షాట్ల రేటింగ్ చూస్తా, తర్వాత స్క్విగిల్‌లో అన్ని మోడల్స్ ఏమంటున్నాయో చూస్తా, ఈ రెండూ ఒకటి చెప్పి పట్టిక ఇంకోటి చెప్తే పట్టికని వదిలేస్తా. గాయాలు మాత్రం స్కోర్లతోనే నడిచే లెక్కలకి తెలీవు, అందుకే టీము లిస్టు వచ్చాక నా శాతం మళ్లీ దిద్దుకుంటా. 2024లో బ్రిస్బేన్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడింది, అందరూ వదిలేశారు, నేను కూడా, ఐదో ప్లేస్ నుంచి ఫైనల్స్‌కి వెళ్లి ఆఖరి మ్యాచ్‌లో సిడ్నీని 60 పాయింట్లతో కొట్టింది. ఈ ఏడాది కింద ఉన్నవాళ్ల షాట్లు కూడా నోట్‌బుక్‌లో రాస్తున్నా, పట్టికలో కింద ఉండి షాట్లలో పైన ఉన్న టీము ఒకటి దొరికింది. పేరు రౌండు మొదలయ్యాకే చెప్తా, బావ ఇది చదువుతాడు.