శివారులో ఇల్లు కొనేవాళ్ళకి హెచ్చరిక: ఏజెంట్ చెప్పిన టైమ్‌కి మాత్రమే వెళ్ళి చూడొద్దు

శివారులో కుటుంబం కోసం ఇల్లు వెతుకుతున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఇల్లు ఎలా ఉందన్నది తర్వాత సంగతి. ఆ ఏరియాని మీకు ఏ పూట చూపిస్తున్నారు, ఏ దారిన తీసుకెళ్తున్నారు అన్నది ముందు పట్టించుకోండి.

మాకు ఇల్లు చూపించిన ఏజెంట్ ఎప్పుడడిగినా సెలవురోజు పొద్దున పది, పదకొండు మధ్యే రమ్మనేవాడు. సాయంత్రం వస్తామంటే ఓనర్‌కి కుదరదనేవాడు, వారం మధ్యలో వస్తామంటే తాళాలు తన దగ్గర లేవనేవాడు. మనిషి మర్యాదస్తుడే, తనే కారు వేసుకొచ్చి మమ్మల్ని ఎక్కించుకుని వెళ్ళేవాడు, ఆ కారు మాత్రం ప్రతిసారీ కొత్త బైపాస్ మీదుగానే వెళ్ళేది. ఆ పూట ఆ కాలనీ నిజంగానే ముచ్చటగా ఉంటుంది. ఖాళీ రోడ్లు, సైకిళ్ళు తొక్కుతున్న పిల్లలు, ఇంటి వెనక పచ్చటి మైదానం. మిగతా ఇరవై మూడు గంటలు ఎలా ఉంటుందో మాత్రం చూడనివ్వలేదు, అంతే.

చేరిన కొత్తలోనే చీకటి పడేసరికి మురుగు వాసన మొదలైంది. మొదట మా డ్రైనేజీ పైపులోనే లోపమనుకుని ప్లంబర్‌ని పిలిచాం. ఆయన లోపలికి కూడా రాకుండా గేటు దగ్గరే నిలబడి "ఇది మీ ఇంటిది కాదు సార్, ప్లాంట్‌ది, ఈ వైపు ఇళ్ళన్నిటికీ ఇంతే" అన్నాడు. కిలోమీటరు పైచిలుకు దూరంలో, చెట్ల వెనక, మురుగునీటి శుద్ధి ప్లాంట్ ఉంది. మేము తిరిగిన బైపాస్ నుంచి అది కనిపించదు. పాత రోడ్డున వస్తే దాని గేటు ముందు నుంచే రావాలి.

మరి పగలు ఎందుకు తెలియలేదు అంటే, దానికి కారణం ఉంది, ఇల్లు చూడబోయే ప్రతివాళ్ళూ ఇది తెలుసుకోవాలి. ఎండ ఉన్నంతసేపు నేల వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తూ ఉంటుంది కాబట్టి వాసన పైకి పోయి చెదిరిపోతుంది. మబ్బూ గాలీ లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, నేలని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది, పైన ఉన్న వెచ్చటి గాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. వాతావరణం వాళ్ళు దీన్ని ఇన్వర్షన్ అంటారు. వాసన, పొగ అన్నీ ఆ కింది పొరలోనే ఉండిపోతాయి. శబ్దం కూడా ఇలాంటప్పుడు పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం వస్తుంది. అంటే ఏరియాలో ఉన్న చెడ్డ సంగతులన్నీ ఎండ పొద్దున దాక్కుంటాయి, రాత్రి, తెల్లవారుజామున బయటపడతాయి. ఈ లెక్కన ఏజెంట్ ఎంచుకున్న టైమ్ ఎంత తెలివైనదో మీరే చూడండి.

శబ్దం గురించి ఇంకో మాట. హైవే వైపు చూపించి "చెట్లున్నాయి కదా సార్, సౌండేం రాదు" అంటారు. ఒక వరస చెట్లు శబ్దాన్ని ఆపవు, కళ్ళకి రోడ్డు కనపడకుండా చేస్తాయి అంతే. గట్టి గోడో మట్టికట్టో రోడ్డుకీ మనకీ మధ్య అడ్డుగా ఉంటే 5 నుంచి 10 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. దూరం కూడా అనుకున్నంత సాయం చెయ్యదు. ఎడతెరిపి లేకుండా బళ్ళు తిరిగే రోడ్డు అయితే దూరం రెట్టింపైనప్పుడు తగ్గేది సుమారు 3 డెసిబెల్సే, చెవికి అది చాలా చిన్న తేడా. చెవికి సగమైనట్టు అనిపించాలంటే 10 తగ్గాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో రోడ్డు శబ్దం రాత్రిపూట ఇంటి బయట సగటున 45 డెసిబెల్స్ దాటకూడదని చెప్పింది, విమానాలకైతే ఇంకా తక్కువ, 40. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ అంత కచ్చితం కాదు, అయినా రాత్రి పదకొండింటికి ఆ ఇంటి గేటు ముందు కాసేపు పెట్టి చూడండి. 60 దగ్గర తచ్చాడుతుంటే ఇంక యాప్ తప్పొప్పుల గురించి ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు ఆ పచ్చటి మైదానం సంగతి. మాకు చెప్పిన మాట "గ్రీన్ బెల్ట్, అక్కడ ఎప్పటికీ ఏదీ రాదు". మా ఆవిడకి ఆ మాట మీదే ఇల్లు నచ్చింది, వంటింటి కిటికీ అటే తెరుచుకుంటుంది. చేరాక ఒకరోజు పిల్లలతో అటు నడుస్తుంటే గడ్డిలో వరసగా రాళ్ళు తగిలాయి, ఒక్కోదాని నెత్తిన ఎర్రరంగు గీత, పక్కనే అంకె. సర్వే రాళ్ళవి. టౌన్ ప్లానింగ్ ఆఫీసుకి వెళ్ళి మాస్టర్ ప్లాన్ తీయిస్తే మా ప్రహరీ వెనక నుంచి వెడల్పాటి రోడ్డు, దానికి అవతల వాణిజ్య జోన్. ఆ మ్యాప్ కొత్తగా వచ్చిందేం కాదు, మేము ఇల్లు చూసేనాటికే ఆమోదమై గోడకి అంటించి ఉంది. కౌంటర్లో అతను కూడా ఆశ్చర్యపోలేదు, "మీ కాలనీ నుంచి ఇంతకుముందూ వచ్చారండీ" అన్నాడు.

కాబట్టి ఖాళీ స్థలాన్ని చూసి మురిసిపోకండి. అది పార్కుగా రాసి ఉందా, వ్యవసాయ భూమిగానా, నివాస జోన్‌గానా, రోడ్డు కోసం వదిలారా, ఎవరి పేరున ఉంది అన్నది ప్లాన్ మ్యాప్‌లోనూ రికార్డులోనూ మీ కళ్ళతో చూడాలి. నోటిమాట వద్దు, బ్రోషర్‌లో ఆకుపచ్చ రంగు వేసి ఉంటే అసలు వద్దు. హైటెన్షన్ లైను, గ్యాస్ పైపులైను వెళ్ళే దారి, రైల్వే విస్తరణ, చెత్త డంపింగ్ యార్డు, ఇవన్నీ అదే మ్యాపుల్లో ఉంటాయి. ఒక పూట పని అది.

వరద గురించి. మా వీధి మొదట్లో పల్లపు వైపున్న ఇళ్ళ గోడలకి అడుగున మోకాలెత్తు దాకానే కొత్త పెయింట్ ఉండేది, పైన పాతదే. అప్పుడు అదేదో డిజైన్ అనుకున్నాం! మొదటి పెద్ద వానకి అర్థమైంది. అడిగితే "అది నూరేళ్ళకోసారి వచ్చే వరదండీ, అయిపోయింది, ఇక రాదు" అంటారు, ఈ మాట నమ్మొద్దు. నూరేళ్ళ వరద అంటే ఏ ఏడాదికైనా 1 శాతం అవకాశం ఉన్న వరద అని అర్థం, నిరుడు వచ్చింది కాబట్టి ఈ ఏడు రాదని కాదు. 30 ఏళ్ళ లోన్ తీసుకుంటే ఆ 30 ఏళ్ళలో కనీసం ఒక్కసారైనా రావడానికి 26 శాతం అవకాశం, అంటే నాలుగింట ఒక వంతు పైనే. పైగా ఎగువన కొత్త కాలనీలు, సిమెంటు రోడ్లు వచ్చేకొద్దీ నీళ్ళు నేలలో ఇంకకుండా పల్లానికి వచ్చేస్తాయి కాబట్టి పాత లెక్కలు కూడా మారిపోతాయి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పి చూసే వీలుంది. మీరు కొనబోయే లేఅవుట్ ఒకప్పుడు చెరువో వాగో అయితే అందులో చాలాసార్లు కనిపిస్తుంది.

ఆఫీసు దూరం "ఇరవై నిమిషాలు సార్" అని చెప్తారు. ఏ రోజు, ఏ టైమ్‌కి అని అడగండి. మ్యాప్ యాప్‌లో బయల్దేరే సమయం మార్చుకునే సదుపాయం ఉంది, పనిరోజు పొద్దున ఎనిమిదిన్నరకి పెట్టి చూడండి, ఇంకా మంచిది ఏమిటంటే ఒకరోజు స్వయంగా ఆ టైమ్‌కి అక్కడి నుంచి ఆఫీసుకి వెళ్ళి చూడటం. వెళ్ళేటప్పుడు 40 నిమిషాలు, వచ్చేటప్పుడు 40 అదనంగా పడితే వారానికి ఐదు రోజులకి ఆరు గంటల నలభై నిమిషాలు రోడ్డు మీదే. పెద్ద ఇల్లొచ్చింది కదా, సర్దుకుంటుందిలే అనుకుంటాం. బ్రూనో ఫ్రే, అలాయిస్ స్టట్జర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వే లెక్కలు చూసి, దూరం నుంచి రాకపోకలు చేసేవాళ్ళు తమ జీవితం పట్ల తక్కువ తృప్తిగా ఉన్నారని, తక్కువ ధరో మంచి ఇల్లో ఆ నష్టాన్ని పూడ్చడం లేదని తేల్చారు. "రోడ్డు వెడల్పు చేస్తున్నారు, అయిపోతే ట్రాఫిక్ ఉండదు" అని ఇంకో మాట వస్తుంది. 2011లో డ్యూరాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల హైవేల మీద చేసిన అధ్యయనంలో లేన్లు ఎంత శాతం పెరిగితే బళ్ళు తిరిగే దూరం కూడా దాదాపు అంత శాతమే పెరిగిందని చూపించారు. వెడల్పు చేస్తే చేస్తారు, అది మళ్ళీ నిండుతుంది.

కాలనీ దారుల తీరు కూడా చూడండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మా పిల్లల బడి గోడ మా మేడ మీద నుంచి కనిపిస్తుంది. కానీ వీధులన్నీ డెడ్ ఎండ్‌లు, బయటికి ఒక్కటే గేటు, అది దాటి మెయిన్ రోడ్డెక్కి చుట్టూ తిరిగి వెళ్ళాలి. నడిచి వెళ్ళే పిల్లలు ఒక్కరూ లేరు, పొద్దున ఎనిమిదింటికి కాలనీ కార్లన్నీ ఆ ఒక్క గేటు దగ్గర బారులు తీరతాయి. బస్సు కూడా లేకపోతే పిల్లలు పెద్దయ్యేదాకా అమ్మానాన్నల్లో ఒకరు డ్రైవర్ ఉద్యోగం చేస్తున్నట్టే. నాలుగేళ్ళ పిల్లకి కాలనీ పార్కు సరిపోతుంది, పద్నాలుగేళ్ళ పిల్లాడికి ట్యూషన్‌కో ఆటకో తనంతట తాను వెళ్ళే దారి కావాలి. మీరు ఆ ఇంట్లో పదేళ్ళు ఉంటారు కదా.

రోడ్లు, వీధి దీపాలు, డ్రైనేజీ స్థానిక సంస్థకి అప్పగించారా లేక ఇంకా బిల్డర్ చేతిలోనే ఉన్నాయా అన్నది రాతపూర్వకంగా అడగండి. అప్పగించకపోతే గుంత పడ్డా దీపం పోయినా ఎవరిని అడగాలో తెలియదు, ఖర్చు చివరికి మనమే పంచుకోవాలి. అసోసియేషన్ ఉంటే దాని జమాఖర్చులు, మీటింగ్ మినిట్స్ ఇమ్మనండి. అందులో ఏ విషయం మీద మాటిమాటికీ గొడవ పడ్డారో అదే ఆ కాలనీ అసలు సమస్య.

ఇరుగుపొరుగుని అడిగాం కదా అంటారేమో. మేమూ అడిగాం. "ఏరియా బాగుంటుందా అండీ" అంటే సొంతిల్లున్న ఏ మనిషీ బాగోదని చెప్పడు, చెప్తే తన ఇంటి ధరే పడిపోతుంది, దాన్ని నేను తప్పు పట్టను. అద్దెకున్నవాళ్ళని అడగండి, వాళ్ళు దాచాల్సిన పని లేదు. ప్రశ్న కూడా మార్చండి: వానొస్తే కారు ఎక్కడ పెడతారు, సాయంత్రం కిటికీలు తెరుస్తారా, ఎండాకాలం చివర్లో నీళ్ళు ఎలా వస్తాయి, కరెంటు పోతే ఎంతసేపటికి వస్తుంది. డెలివరీ కుర్రాళ్ళు, స్కూల్ వ్యాన్ డ్రైవర్లు అయితే ఇంకా సూటిగా చెప్తారు. మా కాలనీలో ఏ సందులో నీళ్ళు నిలుస్తాయో, ఏ గంటకి గేటు జామ్ అవుతుందో మొదట కరెక్టుగా చెప్పింది ఒక పార్సిల్ అబ్బాయి. ఒకే వీధిలో అమ్మకం బోర్డులు ఎక్కువ కనిపిస్తే అవి ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో కూడా వాళ్ళకే తెలుస్తుంది.

ఇల్లు లోపల ఎలా ఉన్నా పరవాలేదు అనను. కానీ టైల్స్ మార్చుకోవచ్చు, వంటగది పగలగొట్టి కట్టుకోవచ్చు. ప్లాంటుని, హైవేని, పల్లాన్ని ఏం చేస్తాం? మేము కిటికీలకి డబుల్ గ్లాస్ వేయించాం, శబ్దం తగ్గింది, కానీ కిటికీ తెరిస్తే అంతే సంగతులు. అమ్మేద్దామంటే ఇప్పుడు వచ్చేవాళ్ళకి ఇవన్నీ చెప్పాలి, చెప్పకుండా అమ్మడం మాకు చేతకావడం లేదు, చెప్తే ఎవరూ రెండోసారి రావడం లేదు.

కాబట్టి ఇల్లు నచ్చితే ఏజెంట్‌కి చెప్పకుండా మీ బండి మీద మీరే వెళ్ళండి. పనిరోజు పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, వారాంతం రాత్రి ఒకసారి, వీలైతే గట్టి వాన పడుతున్నప్పుడు. ఇంట్లోకి వెళ్ళక్కర్లేదు, వీధిలో అటూ ఇటూ నడిస్తే చాలు, బైపాస్ వదిలేసి పాత రోడ్డున రండి. ఈలోగా "ఇంకో పార్టీ రెడీగా ఉంది సార్, ఈరోజే టోకెన్ ఇస్తే మీకే" అని ఫోన్లు వస్తాయి, రానివ్వండి. టోకెన్ ఇవ్వక తప్పదనుకుంటే, మాస్టర్ ప్లాన్‌లోగానీ వరద రికార్డులోగానీ వాళ్ళు చెప్పినదానికి తేడా కనిపిస్తే మొత్తం వాపసు ఇస్తామని, గడువు తేదీతో సహా, కాగితం మీద రాయించి ఓనర్ చేత సంతకం పెట్టించుకోండి. ఆ కాగితానికి ఒప్పుకోకపోతే డబ్బు బయటికి తీయొద్దు.