తొమ్మిదేళ్ల చందాదారుడి మాట: లోకం వార్తలన్నీ ఉంటాయి, ఇంటి వార్త తప్ప

గుంటూరు కొత్తపేటలో మాకు మందుల షాపు ఉంది. కౌంటర్ మీద బిల్లు పుస్తకం పక్కన ఎప్పుడూ ఒక పల్చటి మాసపత్రిక పడి ఉంటుంది. వార్తలు, కోర్టు తీర్పులు, సినిమాలు, పండగలు, అన్నిటినీ క్రైస్తవుడి కళ్లతో చూసి రాసే పత్రిక. 2016 చివర్లో చందా కట్టాను, ఇప్పటికీ ఆపలేదు. ముప్పై రెండు పేజీలు, అట్ట ఒక్కటే రంగుల్లో. పేరు మాత్రం రాయను. దాని సంపాదకుడు మా అమ్మ తరఫు చుట్టం, రేపు ఏదో పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేయాల్సిన మనిషి. ఇలాంటి పత్రికలు మన వైపు ఇంకా ఉన్నాయి కాబట్టి, కట్టాలా వద్దా అని ఆలోచించేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మంచి చెప్పాలి. 2021 జనవరిలో కరోనా టీకాలు మొదలైనప్పుడు మా షాపు దగ్గర రోజూ ఇదే గొడవ. "అన్నా, సూదిలో చిప్ ఉందంట గదా, అదే ఆరు వందల అరవై ఆరంట గదా" అని అడిగేవాళ్లు. అడిగేది చదువురానివాళ్లు అనుకోవద్దు, టీచర్లు కూడా. నేను ఫార్మసీ చదివినవాణ్ని, జ్వరం బిళ్ల గురించి చెప్పగలను గానీ, ఆ మృగం సంఖ్య ఉన్న బైబిలు చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం గురించి ఏం చెప్పను? ఆ నెల పత్రికలో రెండు పేజీల వ్యాసం వచ్చింది. పదమూడో అధ్యాయంలో ముద్ర కుడిచేతి మీదో నొసటి మీదో అని ఉందనీ, అది మృగానికి మొక్కడంతో ముడిపడ్డ సంగతనీ, జబ్బు రాకుండా వేసుకునే సూదికీ దానికీ సంబంధం లేదనీ తిన్నగా రాశారు. ఆ తర్వాత ఇంకో మాట. 1883లో అమెరికా నుంచి వచ్చి ఇదే ఊళ్లో ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ని గుర్తు చేసి, ఆమె ఆసుపత్రిలో పుట్టిన మనం సూదికి భయపడడమేంటని అడిగారు. మా అమ్మ పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలోనే. ఆ రెండు పేజీలు జిరాక్స్ తీసి షాపు అద్దానికి అంటించాను. నేను గంటసేపు చెప్పినా కదలని మనుషులు అది చదివి వెళ్లి వేయించుకున్నారు. ఆ ఒక్క నెలకే తొమ్మిదేళ్ల చందా గిట్టింది.

చట్టం సంగతులు రాయడంలో కూడా వీళ్లకు వంక పెట్టలేం. క్రైస్తవంలోకి మారిన దళితుల ఎస్సీ హోదా విషయం నాకు సరిగ్గా అర్థమైంది ఈ పత్రిక వల్లే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఆ హోదా హిందువులకే అని గీత గీసింది, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవులూ ముస్లిములూ బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సీ కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లో. దీన్ని పరిశీలించడానికి 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు, 2023 మార్చిలో మన అసెంబ్లీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది, 2025లో మన హైకోర్టేమో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. ఇవన్నీ దినపత్రికల్లో ముక్కలు ముక్కలుగా వస్తాయి, ఏ ముక్క దేనికి అతుకుతుందో తెలియదు. వీళ్లు వరసలో పెట్టి, కోపం లేకుండా, ఊరడింపు కబుర్లు కూడా లేకుండా రాశారు. మా షాపులో పనిచేసే కుర్రాడు ఆ సంచిక ఇంటికి పట్టుకెళ్లి మళ్లీ తేలేదు.

తేకపోవడానికి కారణం నాకు తెలుసు, అక్కడే నా మొదటి అసంతృప్తి. ఆ కుర్రాడికి ఎస్సీ సర్టిఫికెట్‌లో హిందువుగా ఒక పేరు, చర్చి సంఘం రిజిస్టర్‌లో క్రైస్తవుడిగా ఒక పేరు. మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లల్లో ఇలా ఉందో పాస్టర్ గారికి తెలుసు, సంఘ పెద్దలకు తెలుసు, పత్రికవాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఉద్యోగం అప్లికేషన్ నింపేటప్పుడు ఆ పిల్లాడి చెయ్యి ఎలా ఆగిపోతుందో, ఆదివారం బల్ల దగ్గర రొట్టె అందుకునేటప్పుడు మనసులో ఏముంటుందో ఒక్క వ్యాసం రాయొచ్చు కదా? పేరాగ్రాఫ్ మూడు గురించి ఆరు పేజీలు రాసి, ఆ పేరాగ్రాఫ్ కింద బతుకుతున్నవాడి గురించి ఆరు లైన్లు రాయలేదు. రాస్తే ఇబ్బందే, ఒప్పుకుంటాను. కానీ ఇబ్బంది లేనివి రాయడానికి వేరే పత్రికలు చాలా ఉన్నాయి.

ఇక చివరి పేజీలకు ముందు వచ్చే ప్రవచనాల శీర్షిక. చందా తీసుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఇదే. భూకంపం వస్తే లోకాంతానికి గుర్తు, రూపాయి పడితే గుర్తు, బంగారం పెరిగినా గుర్తే. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి తర్వాత దాదాపు ఏడాదిపాటు, ఇశ్రాయేలు మీదికి గోగు దండెత్తి వస్తాడని చెప్పే బైబిలు అధ్యాయం, యెహెజ్కేలు ముప్పై ఎనిమిది తప్ప ఇంకేం లేదు. బాణాలు గీసిన మ్యాపులు, ఎవరు గోగు, ఎవరు మాగోగు. ఆ ఏడాదంతా వెతికాను, గాజాలో క్రైస్తవులున్నారన్న ముక్క ఎక్కడా కనిపించలేదు. అక్టోబరు 19న అక్కడి సెయింట్ పోర్ఫిరియస్ గుడి ఆవరణ మీద దాడిలో తలదాచుకున్నవాళ్లు చనిపోయారు. చాలా పాత గుడి అది. ఆ సంగతి నాకు మా ఆవిడ చెప్పింది.

మా ఆవిడది విజయవాడ, ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ కతోలికులు. మేం లూథరన్, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. మా పెళ్లప్పుడు రెండు వైపులా పడ్డ టెన్షన్ రాయాలంటే వేరే సమీక్ష అవుతుంది. గాజాలోని కతోలిక గుడికి పోప్ ఫ్రాన్సిస్ సాయంత్రాలు ఫోన్ చేసి బాగోగులు అడిగేవారని కూడా ఆవిడే చెప్పింది. 2025 ఏప్రిల్ 21న, ఈస్టర్ మర్నాడు, ఆయన పోయారు. తర్వాత సంచికలో ఆ వార్తకి పదకొండు లైన్లు ఇచ్చారు. మే 8న లియో పద్నాలుగో పోప్ ఎన్నికయ్యాక ఇంకో ఎనిమిది. "ఏవండీ, ఓటేసిన నూట ముప్పై ముగ్గురు కార్డినళ్లలో మన ఉమ్మడి కర్నూలు జిల్లా ఆయన, పూల ఆంథోనీ గారు ఉన్నారు. తెలుగాయన పోప్‌ని ఎన్నుకుంటే అది కూడా మీ పత్రికకి వార్త కాదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకి విజయవాడ గుణదల కొండకి ఊళ్లకు ఊళ్లు కదిలొస్తే దాని మీద ఒక్క ఫొటో కూడా వేయరు. క్రైస్తవ కోణం అని అట్ట మీద వేసుకుంటారు గానీ, లోపలికి వెళ్లేసరికి అది ప్రొటెస్టెంటు కోణం, అందులోనూ కొన్ని మిషన్ల కోణం.

సినిమా పేజీ గురించి చెప్పడానికి ఏమీ లేదు. చూడకుండా రాస్తారు, అది తెలిసిపోతుంది.

పండగల దగ్గర మాత్రం ఒకసారి మంచి చర్చ నడిచింది. వినాయక చవితికి పక్కింటివాళ్లు తెచ్చిచ్చిన ఉండ్రాళ్లు తీసుకోవాలా వద్దా అని. సంపాదకీయం వద్దని తేల్చేసింది. ఆపై నెల ఉత్తరాల పేజీలో పాఠకులు, విగ్రహాలకు పెట్టిన తిండి గురించి చెప్పే బైబిలు భాగం, కొరింథీ మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం ఒకరు, పదో అధ్యాయం ఒకరు పట్టుకుని పోట్లాడుకున్నారు. నాకు ఆ ఉత్తరాలే సంపాదకీయం కంటే నచ్చాయి. మా అమ్మ పద్ధతి వేరు. గిన్నె తీసుకుని, "చల్లగా ఉండమ్మా" అని, సాయంత్రం ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అందులో నాలుగు అరటిపళ్లు వేసి పంపేది. ఉండ్రాళ్లు ఏమయ్యేవో మేం ఎప్పుడూ అడగలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు గట్టుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా మరదలి ఇల్లు కూడా నీళ్లలోనే. ఆ సంచికలో నాలుగు పేజీలు వరద. ఏ సంఘం ఎన్ని అన్నం ప్యాకెట్లు పంచింది, ఎవరు జెండా ఊపారు, ఎవరు ట్రాక్టర్ పక్కన నిలబడ్డారు. మా మరదలు చూసి, "బావగారూ, నీళ్లు ఎందుకొచ్చాయో ఇందులో ఉందా?" అని అడిగింది. లేదు.

అసలు దెబ్బ వేరే చోట. ఢిల్లీ, రోమ్, యెరూషలేము అన్నీ వస్తాయి గానీ, మన కాంపౌండు గోడ లోపలి వార్త రాదు. మిషన్ స్థలాలు ఎవరి చేతుల్లోకి పోతున్నాయి, సంఘం ఎన్నికల్లో కులం లెక్కలు ఎలా నడుస్తాయి, ఒకే గుడికి రెండు తాళాలు ఎందుకు పడతాయి. తొమ్మిదేళ్లలో ఒక్క అక్షరం లేదు. ఒక పెళ్లిలో చుట్టరికం చనువుతో అడిగాను. ఆయన నవ్వి, "ఒరేయ్, అది రాస్తే వచ్చే నెల ప్రకటనలు ఎవరిస్తార్రా?" అన్నారు. నిజాయితీగానే చెప్పారు. వెనక అట్ట మీద వచ్చే మహాసభల పోస్టర్లు ఆ రోజు నుంచి నాకు వేరేగా కనిపిస్తున్నాయి.

వాడకం సంగతి. చందా ఏడాదికి 180 ఉండేది, ఇప్పుడు 360. చేతికొచ్చేసరికి పదో తారీఖు దాటుతుంది. రాకపోతే ఫోన్ చేస్తే ఇంకో ప్రతి పంపుతారు, అందులో లోపం లేదు. లాక్‌డౌన్ నుంచి వాట్సాప్‌లో పీడీఎఫ్ కూడా ఇస్తున్నారు గానీ పాత ఫాంట్లలో టైపు చేయడం వల్ల ఏ మాటా వెతకలేం. "బుడమేరు" అని కొడితే ఏమీ దొరకదు. అక్షరాలు పెద్దవి చేశారు, అమ్మకి అది మేలైంది.

ఎవరికి పనికొస్తుంది? వాట్సాప్ ఫార్వర్డులు చదివి భయపడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే కట్టండి. చట్టం, హక్కుల వ్యాసాలు దాచుకోండి. ప్రవచనాల పేజీలు వదిలేయండి. ఆర్‌సీఎం వాళ్లయితే కట్టకండి, ఉసూరుమంటారు.

పోయిన నెల నా చందా అయిపోయింది. ఎప్పుడూ మూడేళ్లకి కట్టేవాణ్ని, ఈసారి ఒక్క ఏడాదికే ఫోన్‌పేలో పంపి, కింద మెసేజ్ గడిలో "గాజా గుడి గురించి, మన గుడి గురించి కూడా రాయండి" అని టైపు చేశాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది: "వందనాలు బ్రదర్. 360 ముట్టింది. రసీదు పంపుతున్నాం."