డాబాగార్డెన్స్‌లో కొన్న చెస్ సెట్టు, క్లాక్ - మూడు నెలలు వాడాక

మా అమ్మాయి టోర్నమెంట్లు ఆడడం మొదలుపెట్టాక ఇంట్లో ఉన్న మాగ్నెట్ బోర్డు సరిపోలేదు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఒక స్పోర్ట్స్ షాపులో చుట్టిపెట్టుకునే బోర్డు, బరువున్న ప్లాస్టిక్ పావులు, డిజిటల్ క్లాక్ కలిపి 3,200 రూపాయలకి తీసుకున్నాం.

పావులు బాగున్నాయి. రాజు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, టోర్నమెంట్లలో పెట్టే సైజే. కాకపోతే మాది బీచ్ పక్క ఇల్లు, ఆ గాలికి రెండు గుర్రాల అడుగున గుడ్డ ఊడొచ్చింది, మళ్లీ అంటించుకున్నాం.

అసలు చెప్పాల్సింది క్లాక్ గురించి. 2025 జూలైలో జార్జియా దేశంలోని బటూమిలో జరిగిన మహిళల చెస్ ప్రపంచకప్ ఫైనల్లో మన కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్ ఆడిన మొదటి గేమ్ డ్రా అయింది కదా, దాన్ని మా అమ్మాయీ ఎదురింటి పాపా ఈ బోర్డు మీదే ఒక్కో ఎత్తూ వేసుకుంటూ చూశారు, తెల్ల పావులతో దివ్యకి మంచి అవకాశం వచ్చాక కూడా హంపి ఎలా కాచుకుందో చూస్తుంటే పక్కన కూర్చున్న నాకే టెన్షన్. వాళ్ల టైమ్ లెక్క 40 ఎత్తులకి 90 నిమిషాలు, ఆ తర్వాత 30 నిమిషాలు, మొదటి ఎత్తు నుంచే ఎత్తుకి 30 సెకన్లు అదనం. ఈ క్లాక్‌లో అచ్చంగా అదే పెట్టుకోవచ్చు. పిల్లలు గేమ్ మధ్యలో ఆపి, అక్కడి నుంచి క్లాక్ పెట్టుకుని సొంతంగా ఆడారు.

ఇంకో మేలు కూడా జరిగింది. ఇంతకుముందు ఒక టోర్నమెంట్లో అదే పొజిషన్ (బోర్డు మీద పావుల అమరిక) మూడోసారి వస్తుంటే, అప్పుడు డ్రా అడగొచ్చు కదా, మా అమ్మాయి ముందు ఎత్తు వేసేసి, అవతలి పాప కూడా ఆడేశాక డ్రా అడిగింది. ఎత్తు వెయ్యకముందే అడగాలి కాబట్టి ఒప్పుకోలేదు, చివరికి ఓడిపోయి బాగా ఏడ్చింది. ఇంట్లో ఈ క్లాక్ మీద పదేపదే ప్రాక్టీస్ చేయించాను. పోయిన నెల తనకన్నా రేటింగ్ ఎక్కువున్న అమ్మాయితో ఆడుతూ, మళ్లీ అలాంటి పరిస్థితే వస్తే, ఎత్తు వెయ్యకుండా దాన్ని ఎత్తులు రాసుకునే షీటు మీద రాసి, క్లాక్ ఆపి, ఆటకి జడ్జిగా ఉండే ఆర్బిటర్‌ని పిలిచింది. డ్రా ఇచ్చారు! ఆ అర పాయింట్ నాకు గెలుపు కన్నా ఎక్కువ అనిపించింది.

ఫోన్‌లో క్లాక్ యాప్ ఉందిగా అనుకునేవాళ్లు ఒకసారి ఆలోచించండి, చేత్తో మీట నొక్కే అలవాటు యాప్‌తో రాదు. బ్యాటరీలు డబ్బాలో రావు, టైమ్ సెట్ చేయడం షాపులోనే అడిగి నేర్చుకోండి, ఇచ్చిన కాగితం చదివితే అర్థం కాదు.