పొద్దున్నే ఇంజిన్‌లో చప్పుడు: చెవి మేలా, స్కానర్ మేలా?

డిసెంబర్‌లో కూరగాయల లోడుకు లంబసింగి వైపు వెళ్తే రాత్రి బండి మంచులోనే ఉంటుంది. తెల్లారి నాలుగున్నరకు సెల్ఫ్ కొట్టగానే మా డీజిల్ పికప్ టిక్ టిక్‌మని మొదలుపెట్టేది. ఘాట్ దిగి నర్సీపట్నం చేరేసరికి చప్పుడు మాయం. ఇక మెకానిక్‌కు ఏం వినిపిస్తాం? మొదట చూపించిన చోట స్కానర్ పెట్టారు, అంటే బండి కంప్యూటర్‌కు తగిలించి లోపాల కోడ్‌లు చదివే పరికరం. ఒక్క కోడ్ కూడా రాలేదు. అయినా "హాఫ్ ఇంజిన్ చేయించేయండి, టెన్షన్ ఉండదు" అన్నారు. హాఫ్ ఇంజిన్ అంటే ఇంజిన్ విప్పి పిస్టన్ రింగులు, బేరింగుల్లాంటివి మార్చే పెద్ద పని. టెన్షన్ అక్కడే మొదలైంది. ఇంకో షెడ్డులో పెద్దాయన మాత్రం "రాత్రికి బండి ఇక్కడ వదిలెయ్ బాబూ, పొద్దున నేనొచ్చేదాకా ఎవరూ స్టార్ట్ చెయ్యొద్దు" అన్నాడు.

స్కానర్ చదివేది సెన్సర్లు పంపే లెక్కల్ని. పిస్టన్లతో తిరిగే క్రాంక్‌నూ, వాల్వులు తెరిచే క్యామ్‌నూ కలిపే టైమింగ్ చైన్ బాగా సాగి ఆ రెండింటికీ పొంతన తప్పితే పి0016 లాంటి కోడ్ రావచ్చు, చలిలో స్టార్ట్ అయ్యేందుకు సిలిండర్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్ సర్క్యూట్ పోతే పి0380 రావచ్చు. ఇనుముకు ఇనుము తగిలే చప్పుడు మాత్రం దానికి వినపడదు.

చెవి ముందు పట్టుకోవాల్సింది చప్పుడు ఎంతసేపు ఉందో. రెండు మూడు సెకన్లు గలగలమని ఆగిపోతే ఆయిల్ పైకి చేరడం ఆలస్యమైనట్టే. చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్, వాల్వుల దగ్గర సందు సర్దే హైడ్రాలిక్ టాపెట్లు ఉన్న ఇంజిన్లలో అవి గట్టిగా నిలబడేది ఆయిల్ ప్రెషర్ మీదే. ఫిల్టర్‌లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు గట్టిపడిపోయినా ఇదే గోల, కాబట్టి ఇంజిన్ విప్పకముందు మంచి ఫిల్టర్ ఒకటి మార్చి చూడాలి. నిమిషం రెండు నిమిషాలు టకటకలాడి వేడెక్కాక మెత్తబడితే అది చాలావరకు డీజిల్ గుణం. చల్లటి సిలిండర్‌లో డీజిల్ ఆలస్యంగా అంటుకుంటుంది, ఆలోపు పోగైనదంతా ఒక్కసారి మండుతుంది. వేడెక్కేకొద్దీ, లోడు మీద, లోపలినుంచి దభదభమని పెరిగే చప్పుడైతే బేరింగ్ అని అనుమానించాలి. అప్పుడు చెవా స్కానరా అని చూడకుండా ఇంజిన్ ఆపి బండిని లాగించుకుపోవడమే.

పెద్దాయన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్ తీశాడు. కొన ఇంజిన్ మీద, పిడి చెవి పక్క ఎముక మీద. ఫ్యాన్ బెల్ట్ వైపు మాత్రం చెయ్యి పోనివ్వలేదు. టాపెట్ కవర్ మీద చప్పుడు పల్చగానే ఉందట. సైలెన్సర్ పైపు మొదలయ్యే మానిఫోల్డ్ దగ్గరకు వచ్చి ఆగి, టార్చి వేశాడు. అతుకు దగ్గర సందు మూసే గ్యాస్కెట్ అంచున వేలెడంత మసి చార. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ చిమ్ముతూ టిక్ టిక్‌మంటోంది. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకోగానే ఆగిపోతోంది. ఒక గ్యాస్కెట్, బిగించే రెండు స్టడ్లతో పని అయిపోయింది. హాఫ్ ఇంజిన్ చేయించి ఉంటే ఆ పనిలో ఎలాగూ గ్యాస్కెట్ మారేది, చప్పుడూ పోయేది, ఆ రిపేరు అవసరమేనని నేనూ నమ్మేవాణ్ణి.

అలాగని స్కానర్‌ను తీసిపారేయను. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ (ఇంజెక్టర్) మీద అనుమానం వస్తే పాత పంపు ఇంజిన్లలో పైపు నట్లు ఒక్కొక్కటే వదులుచేసి, దేనికి చప్పుడు మారిందో చూసేవారు. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ బండిలో ఆ పని చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే ఆ పైపుల్లో వందల బార్ల ప్రెషర్, లోడు మీద వెయ్యి కూడా దాటుతుంది. చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అక్కడ స్కానర్‌తో ఒక్కో ఇంజెక్టర్‌ను ఆపి చూడటమే పద్ధతి, చెవి ఎంత గొప్పదైనా సరే.

"చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసెయ్, చప్పుడు అణుగుతుంది" అనే సలహా కూడా వచ్చింది. నాకు నచ్చదు. డబ్ల్యూ ముందు అంకె పెద్దదైతే చలిలో ఆయిల్ మరింత నెమ్మదిగా పారుతుంది, అంటే పొద్దున పొడిగా తిరిగే సెకన్లు పెరుగుతాయి. బండితో వచ్చిన పుస్తకంలో ఏ గ్రేడ్ రాసి ఉంటే అదే.

బండి వదిలే వీలు లేనివాళ్లు పొద్దున మొదటి స్టార్ట్‌ను, బానెట్ ఎత్తి, ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసుకోండి. నా బండి మొన్నటినుంచి పొద్దున్నే కీచుమంటోంది. బెల్ట్ మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లగానే కీచు మారిపోయింది. ఇంజిన్ లోపలిది కాదు, ఆదివారం బెల్ట్ చూపించాలి.