ట్రినిటీకి వెళ్తున్నారా? ముందు లాస్ అలమోస్ చూడండి

న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును పేల్చి చూసిన చోటు, ట్రినిటీ సైట్, ఏడాదికి ఒకటి రెండు రోజులే తెరుస్తారు కాబట్టి అందరూ నేరుగా అక్కడికే పరిగెడతారు. మేము ముందురోజు ఆ బాంబును తయారుచేసిన ల్యాబ్ ఉన్న ఊరు, లాస్ అలమోస్ చూసి వెళ్లాం. అలా వెళ్లబట్టే ఆ ఎడారిలో ఏం చూస్తున్నామో అర్థమైంది.

లాస్ అలమోస్‌లో బ్రాడ్‌బరీ మ్యూజియంకి టికెట్ లేదు, రెండు గంటలు చాలు. హిరోషిమా మీద వేసిన యురేనియం బాంబు లిటిల్ బాయ్, నాగసాకి మీద వేసిన ప్లుటోనియం బాంబు ఫ్యాట్ మ్యాన్, నమూనాలు రెండూ ఉన్నాయి, ఒకటి సన్నగా పొడుగ్గా, రెండోది ఐదడుగుల లావున గుమ్మడికాయలా. "ఒకే ఊళ్లో చేశారు కదా, ఇంత తేడా ఏంటి బావా?" అన్నాడు మా బావమరిది. నిజానికి ప్లుటోనియం బాంబును కూడా మొదట లిటిల్ బాయ్ లాగా, గొట్టంలో ఒక ముక్కని ఇంకో ముక్క మీదకి పేల్చే తుపాకీ పద్ధతిలోనే, సన్నగా పొడుగ్గా చేద్దామనుకుని థిన్ మ్యాన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. 1944లో భౌతిక శాస్త్రవేత్త సెగ్రే బృందం రియాక్టర్ నుంచి వచ్చిన ప్లుటోనియంని పరీక్షిస్తే, అందులో కలిసి ఉన్న ప్లుటోనియం-240 అనే రకం వల్ల అది పూర్తిగా పేలకముందే తుస్సుమంటుందని తేలింది. అంతే, ఆ డిజైన్ పక్కన పెట్టేసి ల్యాబ్ డైరెక్టర్ ఓపెన్‌హైమర్ ల్యాబ్ మొత్తాన్నీ ఇంప్లోజన్ వైపు, అంటే చుట్టూ పేలుడు పదార్థం పెట్టి మధ్యలోని ప్లుటోనియంని లోపలికి నొక్కే పద్ధతి వైపు తిప్పారు. ఫ్యాట్ మ్యాన్ అంత లావు అందుకే. యురేనియం బాంబు మీద ఎంత నమ్మకమంటే పరీక్షించకుండానే హిరోషిమా మీద వేశారు. ఇంప్లోజన్ మీద అంత ధైర్యం లేకే 1945 జూలై 16 తెల్లవారుజామున ట్రినిటీ పరీక్ష.

బస విషయానికొస్తే, దగ్గరని సొకోరోలో ఒక మోటెల్ తీసుకుని తప్పు చేశాం. పొద్దున వేడినీళ్లు రాలేదు, అడుగుదామంటే కౌంటర్లో మనిషి లేడు. అల్బుకర్కీలో ఉండి గంటా గంటంబావు ముందు బయల్దేరడమే మేలు, అక్కడ మన భోజనం కూడా దొరుకుతుంది. సైట్ దగ్గర శాకాహారులకి ఏమీ ఉండదు, మేము పులిహోర కట్టుకెళ్లాం కాబట్టి సరిపోయింది.

సైట్‌లో బాంబు పేలిన చోట ఉన్న రాతి స్తంభం దగ్గర ఫొటోల కోసం క్యూ ఉంటుంది, అక్కడ ఎక్కువసేపు ఆగకండి. జంబో దగ్గర ఆగండి. 214 టన్నుల ఉక్కు పీపా, గోడ మందమే 14 అంగుళాలు, లోపలికి నడిచి వెళ్లొచ్చు. పరీక్ష విఫలమైతే ప్లుటోనియం చెల్లాచెదురు కాకుండా పట్టుకోవడానికి చేయించారు, చివరికి వాడలేదు. వాళ్లకి ఎంత భయం ఉండేదో ఆ ఉక్కు మీద చెయ్యి పెడితే తెలిసింది నాకు. కానీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి మాత్రం ముందుగా ఒక్క మాట చెప్పలేదు, పేలుడు నుంచి వచ్చిన రేడియోధార్మిక బూడిద వాళ్ల నీళ్ల తొట్లలో, పొలాల్లో పడింది. రేడియేషన్ బాధితుల పరిహారం చట్టం ఆ కుటుంబాలకి వర్తించింది 2025లో. ఇది తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

అక్కడి నుంచి బస్సులో రెండు మైళ్ల దూరంలోని మెక్‌డొనాల్డ్ అనే కుటుంబం పాత ఇంటికి తప్పకుండా వెళ్లండి. బాంబు గుండెకాయని, అంటే మధ్యలోని ప్లుటోనియం భాగాన్ని కూర్చింది ఆ ఇంటి పడకగదిలోనే. వేరే తలుపులు వాడండి, ఈ గది శుభ్రంగా ఉంచండి అని తలుపు మీద రాసి ఉంది. మా ఆవిడ అది చదివి చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది.